మిషను ఆడుతూనే ఉంది

బేరంలో నన్ను బోల్తా కొట్టించిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఇది గొప్ప కోసం చెబుతున్న మాట కాదు, గొప్పే. గోడ గడియారం టిక్కుటిక్కు వింటే చాలు, దాన్ని ఎన్నిసార్లు విప్పి బిగించారో చెప్పేస్తాను. ఒకసారి గొడుగు అమ్మవచ్చినవాడు నా ప్రశ్నలకి తట్టుకోలేక గొడుగు నా ఒళ్ళో పడేసి, జోరువానలో తడుసుకుంటూ వెళ్ళిపోయాడు. అందుకే నన్ను 'ఆరా తాత' అంటారు. ఆ పేరు పిల్లలు పెట్టింది కాదు, దుకాణాలవాళ్ళు పెట్టింది.

ఆ రోజు పొద్దున నేను డ్రాయింగు మేష్టారి ఇంటికి వెళ్ళింది మిషను కొనడానికి. హంతకుణ్ణి వెతకడానికి కాదు. ఆ రెండో పని కాలికి అడ్డం తగిలింది.

మనవరాలికి ఊగే కొయ్య గుర్రం చేస్తున్నాను. వీపు కుదిరింది, కాళ్ళు కుదిరాయి, మెడ కింద వంపు దగ్గర నా ప్రాణం మీదికొచ్చింది. బయటి వంపునైతే ఉప్పుకాగితం పెట్టి ఎలాగోలా రుద్దుతాం. లోపలి వంపులో చెయ్యి దూరదు. దూరినా నా వేళ్ళ నునుపు గుర్రానికి, గుర్రం గరుకు నా వేళ్ళకి వస్తుంది. ఆ వంపుల కోసమే ఒక మిషను ఉంది. బల్ల మీద పెట్టుకునేంత చిన్నది. ఇనప పళ్ళెం, దాని మధ్యలోంచి నిటారుగా లేచిన కడ్డీ, కడ్డీకి రబ్బరు డ్రమ్ము, డ్రమ్ముకి చొక్కా తొడిగినట్టు ఉప్పుకాగితం గొట్టం. అది గిర్రున తిరుగుతుంది. తిరుగుతూనే పైకీ కిందికీ ఆడుతుంది. మహత్తంతా ఆ ఆడటంలోనే ఉంది. ఉన్నచోటే తిరిగితే కాగితంలో ఏ గరుకు గింజ ఎక్కడుంటే చెక్క మీద అక్కడే గీత పడుతుంది. కిందా మీదా ఆడితే గీత నిలవదు, చెక్క చెంపలా వస్తుంది. దుకాణాల్లో దాన్ని స్పిండిల్ శాండర్ అంటారు.

మేష్టారి దగ్గర అలాంటిది ఉంది. మేష్టారే లేరు. ఆయన పోయి ఇంకా వారం తిరగలేదు. పనిగదికి పోలీసులు వేసిన తాళం తీసేశారనీ, మిషను ఎవరికైనా ఇచ్చేస్తాననీ ఆయన భార్య కలప అడితికి కబురు పెట్టింది. కబురు అడితి దాటకముందే నేను ఆమె గుమ్మంలో నిలబడ్డాను.

పనిగది ఇంటి వెనక ఉంది. దానికి రెండు తలుపులు. ఒకటి పెరట్లోకి, రెండోది వెనక సందులోకి. కిటికీ కింద సగం చేసిన ఊగుడు కుర్చీ ఒకటి, గోడకి చేరేసిన తెల్ల చెక్కలు, పొట్టి బల్ల మీద మిషను.

"చూసుకోండి బాబాయిగారూ," అంది ఆమె. "ధర మీ ఇష్టం. ఇది కళ్ళ ముందునుంచి పోతే చాలు నాకు. దాని చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు."

"ధర సంగతి తరవాతమ్మా. ముందు పెళ్ళిచూపులు కానీ. దీన్ని ఇంట్లో ఎవరెవరు వాడేవారు?"

"ఆయనొక్కరే."

"మరిది?"

ఆ మాటకి ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా మరిది మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే రకం. మిషను దరిదాపులకి రాడు. అలాంటివాడు అన్నగారిని చంపాడంటున్నారు. రేపు కోర్టులో పెడతారట. ఒకసారి పెట్టాక వాడికి ఎవరున్నారు బాబాయిగారూ, నేను తప్ప? ఇన్‌స్పెక్టరుగారు మీ అల్లుడేగా. ఒక్క మాట చెప్పి చూడండి."

"మా అల్లుడు నా మాట వినడం మా అమ్మాయి మెళ్ళో తాళి కట్టిన రోజే మానేశాడమ్మా. అయినా చెబుతాను. కొనేవాణ్ణి కదా, ముందు నన్ను నాలుగు అడగనియ్యి. ఆ రోజు నువ్వు ఇంట్లో లేవు కదూ?"

"మా అక్కకి ఒంట్లో బాగాలేదంటే వెళ్ళాను. ఇంట్లో అన్నదమ్ములిద్దరే."

"ముందు రాత్రి ఇద్దరూ అరుచుకున్నారని వీధంతా చెప్పుకుంటోంది."

"అరుచుకోని రోజేది? వీధిలో బోర్డు పెడదాం, కుర్చీల మీద నీ పేరు చెక్కించు అని మా మరిది గొడవ. నా గుర్తు నాకు చాలని ఈయన."

"ఏం గుర్తు?"

ఆమె కిటికీ కింద కుర్చీ దగ్గరకి వెళ్ళి, "చేతి కింద బొటనవేలు పెట్టి చూడండి," అంది.

పెట్టాను. కుర్చీ చేతి అడుగున, పైనుంచి చూస్తే కనపడని చోట, చిన్న పల్లం. నా వేలు అందులోకి జారి హాయిగా కూర్చుంది. నిజం చెప్పొద్దూ, వేలు తీయబుద్ధి కాలేదు.

"ప్రతి కుర్చీకీ అదొకటి తీసేవారు. కూర్చున్నవాళ్ళ వేలు దానంతట అదే వెతుక్కుంటూ పోతుందనేవారు. వాళ్ళకి తెలియకుండా నాతో చెయ్యి కలుపుతారోయ్ అని నవ్వేవారు."

ఆమె కుర్చీ మీద పడ్డ చెక్కపొడి కొంగుతో తుడిచింది. నేనేమీ అడగలేదు. ఆరా తీసేవాడికి ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియాలి.

తరవాత తనే చెప్పింది. మర్నాడు పొద్దున మరిది మేకులు కొనడానికి బజారుకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పనిగదిలోంచి మిషను చప్పుడు వస్తోంది. అన్నగారు పనిలో ఉన్నారనుకున్నాడు. కాఫీ కలిపి రెండు గ్లాసులు పట్టుకుని పెరటి తలుపు తోశాడు. మిషను దాని మానాన అది తిరుగుతోంది. మేష్టారు దాని పక్కన నేల మీద ఉన్నారు, తల వెనక దెబ్బతో. వాడు గ్లాసులు పడేసి, మిషను ఆపి, కేకలు పెడుతూ వీధిలోకి పరిగెత్తాడు.

"ఇది మరిది చెప్పిన మాట. ఇంకెవరైనా విన్నారా చప్పుడు?"

"మేడాయన విన్నారు. వెనక సందులో మేడ ఉందే, ఆయన. బాల్కనీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారట. మా మరిది ఇంట్లోకి వెళ్ళేదాకా మిషను ఆడుతూనే ఉందనీ, వెళ్ళిన కాసేపటికి ఆగిందనీ ఆయనే పోలీసులకి చెప్పారు."

"సరే, ఇక పిల్ల పళ్ళు చూద్దాం," అని కళ్ళజోడు పెట్టుకుని మిషను మీదికి వంగాను.

మొదట పళ్ళేన్ని అరచేత్తో తడిమాను. చల్లగా, గరుగ్గా ఉంది. అక్కడక్కడా అంచులు లేచి ఉన్నాయి.

"ఇంత గరుకు పళ్ళెం మీద పెట్టి రుద్దితే, పైన నునుపు చేస్తుంటే కింద గీరుకుపోదూ?"

"పీట ఉందిగా దాని మీద," అంటూ ఆమె ఇటు తిరిగింది. "పీటేదీ?"

"ఏం పీట?"

"రెండు వేళ్ళ మందం ఉంటుంది. మంచి బరువు. పళ్ళెం మీద పరిచి, డ్రమ్ము పట్టేటట్టు మధ్యలో కంత పెట్టి, కింద బిగించుకున్నారు. కుర్చీ చేతులు గీరుకోకుండా. కొన్న రోజునుంచీ ఆ పీట లేకుండా మిషను వేసిందే లేదు. పోలీసులు పట్టుకెళ్ళారేమో!"

ఇద్దరం గది నాలుగు మూలలా వెతికాం. బల్ల కింద, చెక్కల వెనక, కుర్చీ కింద. పీట లేదు. పళ్ళెం అంచున దాన్ని బిగించే మరల్లో ఒకటి మాత్రం ఒరిగిపోయి ఉంది, విప్పినట్టు కాదు, లాగేసినట్టు.

నా వీపు మీద చీమ పాకినట్టయింది. ఆ చీమ నాకు పాత స్నేహితురాలు. అది పాకిందంటే ఎక్కడో ఎవడో అబద్ధమాడాడన్నమాట.

ఉప్పుకాగితం గొట్టాన్ని వెలుతురు వైపు తిప్పాను. పైసగం అరిగి, తెల్ల చెక్క పిండి పట్టేసి ఉంది. అది మేష్టారి పని. పీట మీద చెక్క పెట్టి రుద్దితే ఆ ఎత్తులోనే అరుగుతుంది. పీట చాటున ఉండాల్సిన కింది భాగం కొత్తగా ఉండాలి. లేదు. అక్కడ నల్లటి పట్టీలాగా, ముదురు రంగు పొడి కూరుకుపోయి ఉంది. ఒకచోట కాగితం మాడి మెరుస్తోంది. పనిమంతుడు చెక్కని కదుపుతూ ఉంటాడు. ఒకే చోట అదిమి పట్టినవాడికే అలా మాడుతుంది.

దుమ్ము పీల్చే గొట్టం చివర ప్లాస్టిక్ డబ్బా ఉంది. లోపలిది బయటికి కనిపిస్తుంది. అడుగునుంచి పైదాకా పిండిలా తెలుపు. అన్నిటికన్నా పైన, ఆఖరున వచ్చి పడిన పొర మాత్రం కాఫీపొడి రంగు.

"మేష్టారు నల్ల చెక్క వాడేవారా అమ్మా?"

"అమ్మో! ఆ దుమ్ము ముక్కులో పడిందంటే ఇల్లు ఎగిరిపోయేటట్టు తుమ్మేవారు. వానాకాలంలో ఒకే ఒక్క కుర్చీ చేశారు. ఇక జన్మలో దాన్ని ముట్టనని ఒట్టేసుకున్నారు."

"ఆ కుర్చీ ఏదీ?"

"మేడాయన ముచ్చటపడి తీసుకెళ్ళారు, నాలుగు రోజులు చూసుకుని ఇస్తానని. ఆయనకీ ఈయన దగ్గర పని నేర్చుకోవాలని సరదా. ఇంకా ఇవ్వలేదు."

సరిగ్గా అప్పుడే వీధిలో జీపు ఆగింది. ఆ బ్రేకు మోత నాకు తెలుసు. మా అల్లుడు జీపు ఆపినా గొడవ పెట్టుకున్నట్టే ఉంటుంది.

"మావయ్యగారూ!" అన్నాడు గుమ్మంలోనే. "మీకు తిరగడానికి పార్కు ఇచ్చింది ప్రభుత్వం. హత్య జరిగిన గదే కావాలా?"

"బేరానికొచ్చాను అల్లుడుగారూ. మీరూ బేరానికేనా? నేను ముందొచ్చాను."

అతను నన్ను దాటి ఆమె వైపు తిరిగాడు. "మీ మరిదికి బట్టలవీ ఇవ్వాలంటే ఇప్పుడే రండమ్మా. జీపు అటే వెళుతోంది. రేపు కోర్టు."

ఆమె సంచీ సర్దడానికి ఇంట్లోకి వెళ్ళింది. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"మేష్టారిని దేంతో కొట్టారు అల్లుడుగారూ?"

"బరువైన చెక్క వస్తువుతో. సుత్తో, దుంగో. పారేశాడు. కోర్టు అయ్యాక వాడే చెబుతాడు."

"మీరు ఇక్కణ్ణుంచి పీట ఏమైనా పట్టుకెళ్ళారా?"

"ఏం, కూర్చోడానికి కావాలా?"

పీట సంగతి చెప్పాను. గొట్టం చూపించాను. డబ్బా చూపించాను. నల్ల కుర్చీ ఎవరింట్లో ఉందో చెప్పాను. అంతా విని, జేబులోంచి రుమాలు తీసి, నా ముక్కు మీద దుమ్ము తుడిచాడు. ఇలాంటివాణ్ణి చేసుకున్నందుకు నాకు మా అమ్మాయి మీద కోపం వచ్చింది.

"నల్ల కుర్చీ మేడాయన చేసుకున్నది. కుర్చీల పోటీకి పెడుతున్నాడు. నేను స్వయంగా చూశాను, కూర్చున్నాను కూడా."

"చేతి కింద వేలు పెట్టారా?"

"కుర్చీ మీద కూర్చుంటాం మావయ్యా. కింద వేళ్ళు పెట్టం."

"పెట్టాల్సింది. ఇప్పుడు పెట్టినా తగలదులెండి. ఒకవైపు చేతికి ఆ పల్లం లేకుండా అరగదీసి ఉంటారు. ఈ డబ్బాలో ఉన్న పొడి అదే. ఆ గుర్తు ఉంటే కుర్చీ ఎవరిదో పోటీలో తెలిసిపోదూ?"

"మీ కథ మీ మనవరాలికి చెప్పండి, నిద్రపోతుంది. నాకు సాక్షి ఉన్నాడు. సాక్షి మాట ఇది: మరిది లోపలికి వెళ్ళేదాకా మిషను ఆడుతూనే ఉంది. అంటే మేష్టారు పనిలో ఉన్నాడు. అంటే బతికున్నాడు. తరవాత మరిది వెళ్ళాడు, మిషను ఆగింది, మేష్టారు పోయాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. దీన్లో మీకు అర్థం కానిదేముంది?"

"మిషను ఆడితే మనిషికి ఊపిరి ఆడినట్టేనా అల్లుడుగారూ?"

అతను పకపకా నవ్వాడు. "మిషను ఆడటం గురించి మీరా చెప్పేది! మొన్న దుకాణంలో కొన్నది ఎలా ఆడింది? అత్తయ్యగారు చెప్పారులెండి."

ఇక దాచి లాభం లేదు. మొదట్లో నేనొక మాట అన్నాను, నన్ను బోల్తా కొట్టించిన మనిషి పుట్టలేదని. పుట్టాడు. ఇనప సామాన్ల దుకాణంలో గల్లా ముందు కూర్చుంటాడు, నోట్లో ఎప్పుడూ పుల్ల ఉంటుంది. మొన్నటికి మొన్న వాణ్ణి నేను ప్రశ్నలతో ఉతికి ఆరేశాను. ఎన్ని సైజుల డ్రమ్ములు ఇస్తావు? పళ్ళెం వాలుతుందా? దుమ్ముకి గొట్టం పెట్టుకోవచ్చా? గొట్టం కాగితం అరిగితే మళ్ళీ దొరుకుతుందా? అన్నిటికీ జవాబు చెప్పాడు. ఆఖరికి అసలు ప్రశ్న వేశాను, "మరి ఆడుతుందా?" అని. "బ్రహ్మాండంగా ఆడుతుంది సార్" అన్నాడు. ఇంటికొచ్చి పెడితే తిరిగింది. తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. పైకి లేవదు, కిందికి దిగదు. గుర్రం మెడ నిండా గీతలే గీతలు. మా ఆవిడ చూసి, "గుర్రం చేస్తానని చారల గుర్రం చేశారేం?" అంది. వెనక్కి పట్టుకెళితే దుకాణంవాడు మీట నొక్కి చూపించి, "ఆడుతోందిగా సార్, ఎక్కడైనా ఆగిందా?" అన్నాడు. వాడి తప్పు లేదు. నేను అడిగిన ఆడటం వేరు, వాడు చెప్పిన ఆడటం వేరు.

"నవ్వండి," అన్నాను అల్లుడితో. "ఆ మాట దగ్గర నేను బోల్తా పడ్డాను కాబట్టే మీరు పడ్డ చోటు నాకు కనిపిస్తోంది. సాక్షి 'ఆడుతోంది' అన్నాడు. ఆగలేదని మాత్రమే దానర్థం. మీరు మేష్టారు పని చేస్తున్నాడని విన్నారు. కొట్టినవాడు కొట్టాక, ఊడదీసి తెచ్చిన నల్ల కుర్చీ చేతిని పీట లేని పళ్ళెం మీద రుద్దుకుని, మిషను ఆపకుండా వెనక సందులోకి వెళ్ళిపోతే? ఆ చప్పుడు ఎంతసేపు వినిపిస్తే అంతసేపూ మేష్టారు బతికున్నట్టే కదా లోకానికి! బాల్కనీలో పేపరు చదువుకోవడానికి అంతకన్నా మంచి సమయం ఉందా?"

ఒక్క క్షణం అతని మొహంలో ఏదో కదిలింది. ఆ తరవాత మీసం సర్దుకున్నాడు. మా అల్లుడు మీసం సర్దుకున్నాడంటే అవతలి మాట లోపలికి పోకుండా తలుపు వేసుకున్నట్టు.

"మేడాయన నోట ఒక్క ముక్క తప్పు మాట నేను వినాలి మావయ్యా. నా చెవులతో. అప్పుడు ఆలోచిస్తాను. దుమ్ము చూపించి మనిషిని విడిపించమంటే విడిపించను." అని విసవిసా వెళ్ళిపోయాడు.

మేష్టారి భార్య సంచీతో జీపు వైపు నడుస్తూ వెనక్కి చూసింది. "మీరు ఆడించి చూసుకోండి బాబాయిగారూ. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి."

జీపు మోత వీధి మలుపు తిరిగిందో లేదో, వెనక తలుపు కిర్రుమంది.

"ఎవరూ లేరా?" అంటూ మేడాయన లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని చెప్పులు. జీపు వెళ్ళేదాకా సందులో నిలబడి ఉంటే తప్ప అంత కచ్చితంగా రాడు. నన్ను చూసి తుళ్ళిపడి, వెంటనే నవ్వాడు.

"ఆరా తాతగారా! మీరూ మిషను కోసమేనా? ఏమనుకోకండి, దీన్ని నాకు వదిలెయ్యండి. ఇప్పుడే పట్టుకెళతాను."

"ధర తెలుసా?"

"ఎంతైనా ఫరవాలేదు."

"ఆడించి చూసుకోరా?"

"చూసేదేముందండీ, మేష్టారి మిషను. జ్ఞాపకంగా ఉంచుకుంటాను. అదిగో, ఆ గొట్టం, ఆ డబ్బా కూడా కలిపి."

"దుమ్ము కూడా జ్ఞాపకమేనా?"

అతని నవ్వు పెదాల దగ్గరే ఆగింది. డబ్బా మీద పెట్టిన చేతికి రెండు వేళ్ళ చివర్లు ప్లాస్టరు చుట్టి ఉన్నాయి.

"వేళ్ళకేమైంది?"

"కత్తి తగిలింది. కూరగాయలు."

"రెండు వేళ్ళకీ చివర్లోనేనా? మా గుర్రం నా వేళ్ళనీ అక్కడే కొరికింది. ఉప్పుకాగితం దగ్గర చెయ్యి తిరగనివాళ్ళకి అక్కడే తగులుతుంది. పోనీలెండి. అసలు నాకీ మిషను నచ్చలేదు. మీకే వదిలేస్తాను."

అతని భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి. మనిషి భుజాలు దించినప్పుడే అడగాలి.

"పళ్ళెం చూశారా ఎంత గరుగ్గా ఉందో? పైన నునుపు, కింద గీతలు. ఈ పళ్ళెంతో మేష్టారు అంత మంచి కుర్చీలు ఎలా చేశాడో నాకు అంతుపట్టడం లేదు."

"దాని మీద పీట వేసుకోవాలండీ," అన్నాడు, పని తెలిసినవాడి గొంతుతో. "ఆయన అలాగే చేసేవారు. ఆ పీట ఎలాగూ కంత దగ్గర విరిగిపోయింది కాబట్టి, నేను కొత్తది చేసుకుంటాను."

గది ఒక్కసారిగా చిన్నదయినట్టు అనిపించింది.

"అయ్యో, విరిగిందా!" అన్నాను. "ఆయన భార్యకి తెలీదే. పోలీసులకీ తెలీదు. ఆ పీట ఉందన్న సంగతే వాళ్ళకి ఇందాక నేను చెప్పాను. ఎప్పుడు విరిగింది బాబూ? ఆయన తల మీదా?"

అతను సందు తలుపు వైపు చూశాడు. ప్లాస్టరు చుట్టిన వేళ్ళు డబ్బా మీద టకటకలాడాయి.

పెరటి తలుపు వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు నాకు తెలుసు. తలుపు తోసుకుని మా అల్లుడు లోపలికి వచ్చాడు. జీపుని డ్రైవరుతో పంపేసి, తను చప్పుడు కాకుండా వెనక్కి నడిచి వచ్చాడట. "మొత్తం విన్నాను మావయ్యా, నా చెవులతో," అన్నాడు. మీసం సర్దుకోలేదు. మేడాయన మణికట్టు పట్టుకుని, "మీ ముందు నేనెంత?" అని నాకు సలాం కొట్టాడు.

ఇక్కడిదాకా చదివి చప్పట్లు కొట్టేవాళ్ళు కాస్త ఆగండి. ఈ అధ్యాయంలో నేను కల్పించింది ఒకటుంది. పీట నిజం, పొడి నిజం, చారల గుర్రం నిజం, గొడుగువాడు కూడా దాదాపు నిజం. కల్పించింది ఆ దగ్గు. దగ్గూ, దాని వెనకాల వచ్చిన అల్లుడూ, సలామూ. ఏళ్ళ తరబడి ఆ సలాం కోసం చూస్తున్నాను, కాగితం మీదైనా కొట్టించుకుందామని రాసేశాను.

తలుపు వెనక ఎవరూ లేరు. మా అల్లుడు ఆపాటికి మేష్టారి భార్యని వెంటబెట్టుకుని స్టేషనులో ఉన్నాడు. మేష్టారి తమ్ముణ్ణి విడిపించగల ఆ ఒక్క మాట విన్న చెవులు లోకం మొత్తం మీద రెండే. ఆ రెండూ నా తలకే ఉన్నాయి, ఆ తల వెనకభాగం మేడాయన వైపే ఉంది, ఎందుకంటే నేను తలుపు దగ్గరకి నడవడం మొదలుపెట్టాను.

నాకన్నా ముందు అతను చేరాడు. పెరటి తలుపుకి గడియ వేశాడు. వచ్చిన దారిన వెళ్ళి సందు తలుపుకీ వేశాడు. రెండు గడియలూ నిజమే, కావాలంటే వెళ్ళి చూసుకోండి, ఒకటి ఇప్పటికీ వంకరగానే ఉంది.

"తాతగారూ," అన్నాడు మెల్లిగా, "కొనేముందు ఆడించి చూడమన్నారు కదూ?"

మీట నొక్కాడు. డ్రమ్ము గిర్రున తిరిగింది. పైకీ కిందికీ, పైకీ కిందికీ. ఎంత చక్కగా ఆడిందంటే, ఆ పరిస్థితిలో కూడా నాకు మంచి మిషనే అనిపించింది. నేను కేక వేశాను. నా కేక నాకే వినపడలేదు.

సందులో ఎవరో నడిచి వెళుతున్న నీడ కిటికీ మీద పడి, ఒక్క క్షణం ఆగింది. లోపల మిషను ఆడుతూనే ఉంది కదా, ముసలాయన బేరం చూసుకుంటున్నాడనుకుని, ఆ నీడ ముందుకి సాగిపోయింది.